కొండను చదును చేసి చూశాను

బస్తర్‌లోని మద్దేడ్‌లో పుట్టినవాడికి కిరండూల్ ఎంత దూరమో ఎవరూ చెప్పక్కర్లేదు. పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే మా ఊరికి దాదాపు తూర్పున ఉంటుంది. బస్సు మాత్రం బీజాపూర్, భైరంగఢ్, గీదం, దంతెవాడ చుట్టుకొని, బచేలి దాటాక గానీ కిరండూల్ చేరదు. ఆ దారి గీతకు రెండింతలు దాటుతుంది. మధ్యలో బైలాడిల్లా అడ్డం ఉంది. ఉత్తర దక్షిణాలుగా రెండు వరుసలు కట్టిన కొండ అది, ఎత్తైన చోట 1,200 మీటర్లు దాటుతుంది. ఆ రెండు వరుసల నడుమ లోయ, లోయ నిండా అడవి. మా ఊళ్ళో బడి పిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతిని, వరంగల్‌లో రిమోట్ సెన్సింగ్ చదువుకొని కంప్యూటర్ ముందు కూర్చున్న నేను పక్కన పెట్టేశాను. దాని వల్ల ఆస్పత్రి, మంచినీళ్ళు దూరమైన పల్లెల పట్టిక ఒకటి తప్పుగా తయారైంది. అందులో ఉండాల్సిన కొన్ని పల్లెలు లేకుండా పోయాయి. ఆ తప్పు ఎక్కడెక్కడ ఎలా జరిగిందో రాయాలని ఎంతో కాలంగా అనుకుంటున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మన పిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్ళ కోసం.

నాకు అప్పగించిన పని వినడానికి తేలికగానే ఉంటుంది. చదును నేల మీది పట్నాన్ని, కొండ పక్కన పట్నాన్ని ఉపగ్రహ చిత్రాల్లో పోల్చాలి. రెండూ ఎంత విస్తరించాయి, చుట్టూ అడవి ఎంత తగ్గింది, వేడి ఎక్కడ ఎక్కువగా ఉంది, చుట్టుపక్కల పల్లెలకు ఆస్పత్రి, మంచినీళ్ళు ఎంత దూరంలో ఉన్నాయి అన్నది తేల్చాలి. చదునుకు జగదల్‌పూర్‌ని, కొండకు కిరండూల్, బచేలి జంటను ఎంచుకున్నాను. ఆ ఎంపికలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. జగదల్‌పూర్ ఇంద్రావతి ఒడ్డున పీఠభూమి మీద పరుచుకున్న ఊరు. 18వ శతాబ్దంలో బస్తర్ రాజు దలపత్ దేవ్ రాజధానిని అక్కడికి మార్చాడు, ఆయన పేరునే ఉన్న దలపత్ సాగర్ చెరువు ఉపగ్రహ చిత్రంలో ఊరి గుర్తుగా ముందు కనబడుతుంది. 1323లో ఓరుగల్లు పడ్డాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం నిలిపాడని బస్తర్ రాజవంశం చెప్పుకుంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో గోండీ వింటూ పెరిగిన మాకు ఆ కథ అంటే ఇష్టం. కిరండూల్ కథ వేరు. అది ఇనుము కట్టిన ఊరు. 1968లో గని మొదలైంది. కొత్తవలస నుంచి అరకు కొండల మీదుగా రైలుమార్గం వేసి, ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కణ్ణుంచి జపాన్‌కు పంపారు. ఆ రైలు వెంటే ఆంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. మా మేనమామ కూడా ఆ గనిలోనే పని చేసి రిటైరయ్యాడు.

బొమ్మలకు లోటు లేదు. అమెరికావాళ్ళ ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల పాత చిత్రాలన్నీ 2008 నుంచి ఉచితం. యూరప్‌వాళ్ళ సెంటినెల్-2 అయితే 2015 నుంచి 10 మీటర్ల పిక్సెల్‌తో ఇస్తోంది. మన నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ హైదరాబాద్ నుంచి నడిపే భువన్‌లో కార్టోశాట్, రిసోర్స్‌శాట్ డేటా దొరుకుతుంది. ఇంద్రావతి జాతీయ ఉద్యానవనం అంచున పుట్టిన కుర్రాడు ఇంటర్నెట్ ఉంటే చాలు, తన జిల్లాను ఆకాశం నుంచి చూడగలడు. ఇది నిజంగా గొప్ప విషయం, నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఆ పులకరింతలోనే తొందర కూడా ఉంది.

మొదటి పొరపాటు జగదల్‌పూర్‌లో నేర్పి కిరండూల్‌లో పరీక్ష పెట్టడం. కంప్యూటర్‌కు ఇది ఇల్లు, ఇది చెరువు, ఇది పొలం, ఇది అడవి అని కొన్ని నమూనాలు చూపిస్తాం. అది ఆ రంగుల లెక్క పట్టుకొని మిగతా బొమ్మనంతా తనే విడగొడుతుంది. కంటికి కనబడే రంగులతోపాటు కనబడని పరారుణం కూడా అందులో ఉంటుంది. పచ్చని ఆకు పరారుణాన్ని బాగా తిప్పికొడుతుంది, నీళ్ళు మింగేస్తాయి, కాంక్రీటూ ఎండిన మట్టీ మధ్యలో ఎక్కడో ఉంటాయి. నేను నమూనాలన్నీ జగదల్‌పూర్ నుంచే తీసుకున్నాను, అక్కడి వీధులు నాకు తెలుసు గనక. ఆ లెక్కనే తీసుకెళ్ళి బైలాడిల్లా మీద పెట్టాను. గని కోసం మెట్లు మెట్లుగా కోసిన కొండ, ఎత్తిపోసిన మట్టి దిబ్బలు, లారీలు తిరిగే బాటలు అన్నీ నా పటంలో ఇళ్ళయ్యాయి. కొండ నెత్తిన ఒక పట్నమే మొలిచింది. నేను దాన్ని నమ్మాను కూడా, ఎందుకంటే ఆకాశ్ నగర్ అనే కాలనీ నిజంగానే కొండ మీద ఉంది. తెలిసిన ఒక్క నిజం పక్కన ఉంటే దాని చుట్టూ ఉన్న తప్పులన్నీ నిజంలాగే కనిపిస్తాయి. గని విస్తరించిన ప్రతి ఏడూ కిరండూల్ ఊరు పెరిగినట్టు నా గ్రాఫు చూపించింది. జగదల్‌పూర్ కంటే కిరండూలే వేగంగా పెరుగుతోందని రాసేశాను.

రెండోది నీడ. వానాకాలంలో మబ్బు పడుతుందని, ఎండాకాలంలో పొగ, దుమ్ము ఉంటాయని డిసెంబరు బొమ్మలు తీసుకున్నాను. ఆకాశం అద్దంలా ఉంది. కానీ డిసెంబరులో పొద్దు దక్షిణానికి వాలి ఉంటుంది. ల్యాండ్‌శాట్, సెంటినెల్ రెండూ మన మీదుగా పొద్దున పది, పదకొండు మధ్య పోతాయి. అప్పుడు ఎండ ఆగ్నేయం నుంచి పడుతుంది. కిరండూల్, బచేలి బైలాడిల్లాకు తూర్పు పాదాన ఉన్నాయి కాబట్టి ఊరి వైపు వాలు అంతా వెలిగిపోతుంటుంది. పడమటి వాలు, రెండు వరుసల మధ్య లోయ మసకగా ఉంటాయి. నీడలో ఉన్న అడవి పరారుణాన్ని తిప్పికొట్టలేదు, దాని మీద పడితే కదా తిప్పికొట్టేది. కంప్యూటర్ దాన్ని నీళ్ళు అనుకుంది. వెలుగు పడ్డ తూర్పు వాలులో అడవి పలచబడినట్టు కనిపించింది. ఒకే కొండ, ఒకే రకం చెట్లు, ఒక పక్క చెరువులు, ఒక పక్క బోడి.

దీన్ని పట్టుకున్నది మా మామే. ఆయన మద్దేడ్ వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి గర్వంగా చూపించాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకొని చాలాసేపు చూశాడు.

“అల్లుడా, గీడ చెరువెక్కడిది?”

“కొండెనక ఏదో కుంట ఉన్నట్టుంది మామా, నీళ్ళని చూపిస్తోంది.”

“కుంట లేదు, ఏం లేదు. అది లోయ. పొద్దుగాల గీడికి ఎండ దిగదు. నేను ముప్పై ఏండ్లు పైనుంచి చూసిన గదా.”

వేలు కొంచెం పక్కకు జరిపి, పడమటి పాదాన నేను పెట్టిన చుక్కల మీద ఆపాడు. అవి పల్లెలు. పక్కన ఆకుపచ్చ రంగు వేశాను. ఆస్పత్రికి 5 కిలోమీటర్ల లోపల ఉన్నవి అని అర్థం. ఇక వాటికి కొత్తగా ఏమీ అక్కర్లేదని నా పట్టిక చెబుతుంది.

“ఈ ఊరోళ్ళు కిరండూల్ దవాఖానకు ఎట్ల వస్తరో ఎరుకేనా నీకు? మంచానికి తాళ్ళు గట్టి, మనిషిని పండబెట్టి, నలుగురు మోసుకుంట కొండెక్కి దిగుతరు. వానకాలమైతే అదీ లేదు.”

నేనేమీ అనలేకపోయాను. గీత గీసి దూరం కొలిచాను. కొండ మీద నడిచి కొలవలేదు. చదును నేలలో గీతకూ దారికీ పెద్ద తేడా రాదు, జగదల్‌పూర్ చుట్టుపక్కల సైకిలు వేసుకొని ఏ పల్లెకైనా పోవచ్చు. అక్కడ పనికొచ్చిన కొలతనే ఇక్కడా పెట్టాను. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక మోటు లెక్క చెప్పాడు: చదునులో గంటకు సుమారు 5 కిలోమీటర్లు నడుస్తాం, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట కలుపుకోవాలి. అది కూడా బలంగా ఉన్న మనిషికి, మంచి దారిలో. ఆ లెక్కన చూసినా నేను గంట దూరం అనుకున్నది రెండు గంటలు. భుజాన మంచం, మంచం మీద నొప్పులు పడుతున్న ఆడమనిషి ఉంటే, కాలిబాట అడవిలో ఉంటే, ఎన్ని గంటలో ఏ సూత్రమూ చెప్పదు. ఆ పల్లెలవాళ్ళు ఇటు గనివైపు కొండ ఎక్కి వస్తారు, అటు బీజాపూర్ వైపు పోవాలన్నా అడవి దారే. రెండు జిల్లాల మధ్య ఉన్నవాళ్ళని ఆకుపచ్చ చుక్క చేసి పక్కకు పెట్టేశాను. మిగతా తప్పులు లెక్కలో తప్పులు. ఇది మనుషుల మీద పడిన తప్పు. అందుకే దీన్ని నేను వేరుగా చూస్తాను.

ఇలా జరగడం మన దగ్గరే అనుకోవద్దు. దక్షిణ అమెరికాలో బొలీవియా ప్రభుత్వం నడిచే నగరం లా పాజ్ ఒక పెద్ద లోయలో, సుమారు 3,600 మీటర్ల ఎత్తున ఉంది. దాని అంచునే, 4,100 మీటర్ల దగ్గర, బల్లపరుపు మైదానం మీద ఎల్ ఆల్టో. పైనుంచి తీసిన బొమ్మలో రెండూ అతుక్కుపోయిన ఒకే మచ్చ. పైనుంచి కిందికి పనికి వచ్చేవాళ్ళకు అవి రెండు లోకాలు, 2014లో తీగల మీద నడిచే కేబుల్ కార్లు వచ్చేదాకా ఆ వాలు దిగడం రోజూ ఒక యుద్ధమే. బెజవాడ కూడా కొండలున్న ఊరే. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం వాలుల మీద ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి ఉంటాయి. నిలువుగా చూసే కెమెరాకు ఆ ఇళ్ళన్నీ కింద బస్తీతో కలిసి ఒకే రంగు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడి మనుషులు చనిపోయారు. ఊరు ఎంత పెరిగింది అన్న ప్రశ్నకు విస్తీర్ణం సమాధానం చెబుతుంది. ఎవరి ఇల్లు ఏ వాలు మీద ఉందో అది చెప్పదు.

విస్తీర్ణంలోనూ మోసం ఉంది. పటం అంటే నేలను పైనుంచి నొక్కి చదును చేసిన బొమ్మ. వాలు 30 డిగ్రీలుంటే పటంలో 100 గజాలుగా కనిపించే చోటు నేల మీద సుమారు 115 గజాలు. 45 డిగ్రీలైతే 141. అడవి ఇంత, బీడు ఇంత అని రెండు ఊళ్ళను పక్కపక్కన పెట్టినప్పుడు కొండ ఊరి అడవి ఎప్పుడూ కొంచెం తక్కువగానే పడుతుంది. ఇంత చిన్న సంగతి నా రిపోర్టులో ఎక్కడా లేదు.

వేడి గురించి ఎక్కువ చెప్పను, కానీ ఒక్కటి చెప్పాలి. ల్యాండ్‌శాట్ నేల వేడిని కూడా కొలుస్తుంది. కిరండూల్ జగదల్‌పూర్ కంటే వేడిగా ఉందని రాశాను, గని వల్లేనని కారణం కూడా చెప్పాను. ఉపగ్రహం పొద్దున పోతుంది, తూర్పు వాలుకు ఆ పొద్దున ఎండ నిలువుగా తగులుతుంది. సాయంత్రం సంగతి వేరు. పొద్దు కొండ వెనక్కి పోతే కిరండూల్‌లో చీకటి ముందే పడుతుంది, అప్పటికి జగదల్‌పూర్‌లో ఇంకా ఎండ ఉంటుంది. సాయంత్రం చూసే కన్ను ఉంటే లెక్క తారుమారయ్యేదేమో. పైగా ఊరి వేడిని చుట్టూ ఉన్న పల్లెతో పోల్చి చూడాలంటారు. కిరండూల్ చుట్టూ ఉన్నది కొండ, కిలోమీటరు పైకి పోతే గాలి సగటున 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. దేనితో పోల్చినట్టు? గని వల్ల వేడి పెరగలేదని నేను అనడం లేదు. పెరిగిందో లేదో నా బొమ్మ చెప్పలేదు, నేను చెప్పించాను.

చదును నేల అంటే సులువని కూడా అనుకోవద్దు. మా మద్దేడ్‌నే తీసుకోండి. సెంటినెల్ పిక్సెల్ పది మీటర్లకు పది మీటర్లు. మా ఇల్లు, వాకిలి, పక్కన చింతచెట్టు కలిపి ఒకటో రెండో పిక్సెళ్ళు. పెంకు రంగు, ఎర్రమట్టి రంగు ఒకటే. ఏప్రిల్ బొమ్మలో మా ఊరు ఊరులా కనిపించదు, దున్నిన చేనులా కనిపిస్తుంది. ఇంకో వింత కూడా ఉంది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద రాలిన ఆకులు కాలుస్తారు. నేల శుభ్రంగా ఉంటే తెల్లారి రాలిన పువ్వు కంటికి ఆనుతుంది. ఒక్కో చెట్టు కింద గుండ్రంగా నల్లటి మచ్చ పడుతుంది, మంట కొంచెం జారితే పక్కకు పాకుతుంది. నా కంప్యూటర్ ఆ మచ్చల్లో కొన్నింటిని నీళ్ళన్నది, కొన్నింటిని తారు రోడ్డన్నది. ఒక్కో ఇప్పచెట్టు ఏ ఇంటిదో మాకు తెలుసు. ఆ మచ్చల్ని చూసి ఏ ఇంటివాళ్ళు ఆ పొద్దున అడవికి పోయారో చెప్పగలిగేవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. వాళ్ళలో ఒక్కరినీ నేను అడగలేదు. కొండ తెలియక కొండ దగ్గర తప్పు చేశానంటే సరే, ఇది నేను పుట్టిన చోటు.

ఆ పల్లెల పట్టికను వెనక్కి తీసుకోమని పని ఇచ్చినవాళ్ళను అడిగాను. అప్పటికే అది ముందుకు వెళ్ళిపోయింది. సవరణ పంపాను, దాని ప్రకారం ఏం జరిగిందో నాకు ఎవరూ రాయలేదు. ఆ ఆకుపచ్చ చుక్కల గురించి ఇప్పటికీ మనసులో బాధ ఉంది.

తరవాత పని మార్చుకున్నాను. కిరండూల్‌కు కిరండూల్ నమూనాలే తీస్తాను, గని హద్దును ముందే చేత్తో గీసి పక్కన పెడతాను. నీడను సరిచేయడానికి ఎత్తుల పటం కావాలి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక పదకొండు రోజుల్లో రాడార్‌తో భూమ్మీది నేలలో చాలావరకు ఎత్తులు కొలిచింది, మన కార్టోశాట్-1 కూడా 2005 నుంచి రెండు కెమెరాలతో చూసి అలాంటి పటమే ఇచ్చింది. ఏ వాలు ఎటు తిరిగి ఉందో దాన్ని బట్టి తెలుస్తుంది, ఆ గంటకు ఎండ ఎంత పడాలో లెక్కగట్టి వెలుగును సర్దవచ్చు. ఇక్కడా బైలాడిల్లా ఒక మెలిక పెట్టింది. 2000లో ఉన్న కొండ ఇప్పుడు లేదు. గని దాన్ని కోసేసింది. పాత ఎత్తులతో కొత్త నీడను సరిచేస్తే లేని శిఖరానికి నీడ తీసేసినట్టవుతుంది. కాబట్టి గని ఉన్న చోట సవరణ వాడను, ఆ ముక్కను తెలియదని వదిలేస్తాను. పటంలో తెలియదు అని ఒక రంగు పెట్టడానికి మొదట్లో చాలా నామోషీగా ఉండేది. పని ఇచ్చినవాళ్ళకూ నచ్చదు. ఇప్పుడు ఆ రంగు లేని పటం ఎవరు చూపించినా నాకు అనుమానం వస్తుంది. దూరాల సంగతైతే కిలోమీటర్లు రాయడమే మానేశాను. వానాకాలంలో ఎన్ని గంటలు, ఎండాకాలంలో ఎన్ని గంటలు అని ఆ ఊరివాళ్ళను అడిగి రాస్తాను. లెక్క వేసిన గంటలు పక్కన పెడతాను, రెండూ కలవని చోటికి పోయి చూస్తాను.

వానాకాలం ఇంకా నాకు అందలేదు. 2024 జూలైలో భారీ వానలకు కొండ మీది నుంచి బురదనీళ్ళు కిరండూల్ వాడల్లోకి దిగి ఇళ్ళు ముంచాయి. కొండ ఊరికి అసలు గండం వచ్చేది ఆ నెలల్లోనే, బొమ్మ దొరకనిది కూడా ఆ నెలల్లోనే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మామూలు కెమెరాకు బస్తర్ అంటే తెల్లటి మబ్బు. నేను రాసిన రిపోర్టులో ఊరి వైపు వాలు బోడి నేల అని మాత్రమే ఉంది. బోడి నేల మీద వాన పడితే ఆ నీళ్ళు ఎటు పోతాయి, ఎవరి గుమ్మం ముందుకు పోతాయి అన్నది డిసెంబరు బొమ్మలో ఎవరూ అడగరు, నేనూ అడగలేదు.

మబ్బును దాటి చూసేది రాడార్. 2023 జనవరిలో హిమాలయాల్లోని జోషీమఠ్ పట్నం కుంగినప్పుడు పన్నెండు రోజుల్లో 5.4 సెంటీమీటర్లు దిగిందని ఆకాశం నుంచే తేల్చారు. ఇస్రో, నాసా కలిసి చేసిన నైసార్ 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళింది. పన్నెండు రోజులకోసారి అదే చోటును చూస్తుంది, పొడవైన తరంగాలతో ఆకుల సందుల్లోంచి నేల దాకా పోగలదు. సాల, టేకు అడవుల ప్రాంతానికి ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. కానీ కొండ దగ్గర రాడార్‌కు దాని బాధలు దానికున్నాయి. అది పక్క నుంచి చూస్తుంది. నిటారు కొండైతే శిఖరం నుంచి వచ్చే ప్రతిధ్వని పాదం నుంచి వచ్చేదానికంటే ముందు చేరుతుంది, అందుకని బొమ్మలో కొండ ఉపగ్రహం వైపు ఒరిగి పడిపోయినట్టు ఉంటుంది. అవతలి వాలు అసలు కనిపించకపోవచ్చు. జగదల్‌పూర్ మీద ఈ ఇబ్బంది దాదాపు లేదు. మళ్ళీ అదే పోలిక, మళ్ళీ అదే గొయ్యి.

కాబట్టి ఉపగ్రహం ఉత్తరానికి ఎక్కేటప్పటి బొమ్మ, దక్షిణానికి దిగేటప్పటి బొమ్మ రెండూ తీసుకొని, ఒకటి చూడని వాలును రెండోదానితో పూరిద్దామని మొదలుపెట్టాను. ఈ వానాకాలం తూర్పు వాలు వాగులను ఒక్కొక్కటిగా గుర్తించాలి. ఏ వాగు ఎప్పుడు పొంగిందో అడగడానికి మామ తన పాత స్నేహితుల ఫోన్ నంబర్లు ఇచ్చాడు. పడమటి పాదానికి ముందు పోవాలి. అక్కడి పల్లెలవాళ్ళను అడగాల్సింది దారి ఒక్కటే కాదు, ఏ నెల నుంచి ఏ నెల దాకా ఆ దారి ఉంటుందో కూడా. గోండీలో అడిగి రాసుకుంటాను.